చెకుముకి తుపాకి చెప్పే చరిత్ర

తుపాకి, చెకుముకి అనే రెండు మాటలు అచ్చ తెలుగు మాటలవలె మన నాలుకపై స్థిరపడిపోయినవి. కాని రెండింటి పుట్టిల్లూ దూరదేశమే. తుర్కీ భాషలో తుపాకిని 'తుఫెక్' అంటారు. రాతిని ఉక్కుతో కొట్టి నిప్పు పుట్టించే సాధనాన్ని 'చక్మక్' అంటారు. ఈ మాటలు పారసీకం, హిందుస్తానీల మీదుగా ప్రయాణించి, దక్షిణాదికి వచ్చేసరికి తుపాకి, చెకుముకి అయినవి. ఇస్తాంబులులో ఎవరైనా 'చక్మక్లీ తుఫెక్' అన్నచో తెలుగువాడికి అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. అది మన చెకుముకి తుపాకియే.

ఈ తుపాకులను తయారుచేసి వాడిన ఆటోమన్ తురుష్కుల రాజ్యం 13వ శతాబ్ది చివర అనటోలియాలో ఒక చిన్న సంస్థానంగా మొదలై, మూడు ఖండాలకు వ్యాపించి, 1922 వరకు నిలిచింది. 1514లో చాల్దిరాన్ వద్ద ఇరాన్ షా ఇస్మాయీల్‌ను, 1526లో మొహాచ్ వద్ద హంగరీ రాజును ఓడించడంలో వారి జానిసరీ దళాల తుపాకులకు, ఫిరంగులకు గొప్ప పాత్ర ఉన్నది. అదే 1526లో పానిపట్టు యుద్ధంలో బాబరు తన బండ్లను తోలు తాళ్ళతో వరుసగా బంధించి, వాటి చాటున తుపాకిదారులను నిలిపినప్పుడు ఆ వ్యూహానికి 'రూమీ పద్ధతి' అనే పేరు వాడినాడు. రూమ్ అంటే ఆనాటి వాడుకలో ఆటోమన్ దేశమే.

అవన్నీ జామగి తుపాకులు. అనగా మండుతున్న వత్తిని మందుకు తగిలించి పేల్చేవి. వానలో వత్తి ఆరిపోయేది. చీకటిలో దాని ఎర్రని కొన శత్రువుకు కనిపించేది. ఈ చిక్కుల నుండి బయటపడే ప్రయత్నంలోనే చెకుముకి రాయి తుపాకి మీదికి ఎక్కింది.

నిప్పు ఎవరిది?

చెకుముకి రాయి కొడితే రాతి నుండి నిప్పు వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. రాతి అంచు ఉక్కు కన్నా గట్టిది. అది వేగంగా రాసుకొన్నప్పుడు ఉక్కు నుండి సన్నని తునకలు చెక్కుకొని లేస్తవి. ఆ రాపిడి వేడికి కొత్తగా బయటపడిన ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలిసి భగ్గున మండుతుంది. కాబట్టి నిప్పు రాతిది కాదు, మండే ఇనుముది. మెత్తని ఇనుముతో ఈ పని జరగదు. బాగా కర్బనం ఉండి, పదును పెట్టిన ఉక్కు కావాలి.

తుపాకిలో ఈ పని చేసే భాగాన్ని లాకు అంటారు. రాతిని దవడలతో కరచి పట్టే భాగాన్ని మనవారు 'గుర్రం' అన్నారు. మీట నొక్కితే గుర్రం ముందుకు దూకి ఉక్కు పలకను కొడుతుంది. పలక వెనుకకు తెరచుకొంటుంది. దాని క్రింది గిన్నెలో ఉన్న రంజకం, అనగా సన్నని ముట్టింపు మందు, నిప్పురవ్వలకు అంటుకొంటుంది. ఆ మంట గొట్టం ప్రక్కనున్న చెవి రంధ్రం ద్వారా లోపలికి పోయి అసలు మందును పేల్చుతుంది.

ఐరోపాలో ఇందుకు రెండు ప్రధాన మార్గాలు ఏర్పడినవి. ఫ్రాన్సులో 1610 ప్రాంతాన మారిన్ లె బూర్జువా పేరుతో ప్రసిద్ధికెక్కిన పద్ధతిలో పెద్ద స్ప్రింగు లాకు పలకకు లోపలి వైపున దాగి ఉంటుంది. దానికి కొంతకాలం ముందే, 16వ శతాబ్ది చివరి భాగంలో స్పెయిను దేశంలో రూపొందిన 'మికెలే' లాకులో ఆ స్ప్రింగు పలకకు బయటనే, కంటికి ఎదురుగా ఉంటుంది. ఆటోమన్ తురుష్కులు మధ్యధరా సముద్రపు వర్తకం ద్వారా ఈ రెండవదానిని తెలుసుకొని, తమదిగా చేసుకొన్నారు.

పాత తుపాకిని చేతికి తీసుకొన్నవాడు మొదట చూడవలసినది ఈ స్ప్రింగునే. అది బయట ఉండి, గుర్రం మడమను పైకి నెట్టుతూ ఉంటే, గుర్రపు దవడల మరకు పైన ఉంగరం ఉంటే, ఉక్కు పలక మీద నిలువు గాళ్ళు ఉంటే అది మికెలే జాతిది. ఈ లాకు చూడడానికి మోటుగా ఉంటుంది. కాని స్ప్రింగు బలమైనది. సరిగా చెక్కని రాతితో కూడ నిప్పు రాలుతుంది. విరిగితే ఊరి కమ్మరి బాగుచేయగలడు. పడమటి సైన్యాలు ఫ్రెంచి లాకుకు మారిన తరువాత కూడ ఆటోమన్ ప్రాంతాలలో మికెలే రెండు వందల ఏండ్లకు పైగా నిలిచినదంటే అది వెనుకబాటుతనం కాదు. కొండలలో, ఎడారులలో తిరిగేవాడికి బాగుచేసుకోగల యంత్రమే మంచి యంత్రం. తురుష్కుల పిస్తోళ్ళలో మాత్రం ఫ్రెంచి పద్ధతి లాకులే ఎక్కువ. వీటిలో పెక్కింటికి మందు కూరే కడ్డీ ఉండదు. ఉన్నట్లు కనిపించేది చెక్కలోనే చెక్కిన అలంకారం. అసలు కడ్డీని 'హర్బీ' అని వేరుగా వ్రేలాడదీసుకొనేవారు. ఈ సంగతి తెలియనివారు కడ్డీ పోయిందని విచారిస్తారు.

ఒకే సామ్రాజ్యమైనా అన్ని ప్రాంతాల తుపాకులు ఒక్కటి కావు. అనటోలియా ప్రాంతపు 'షిష్‌హానె' తుపాకికి మడమ పలకల పలకలుగా ఉండి, కొసన దంతపు బిళ్ళ ఉంటుంది. మీట చుట్టూ కాపుదల వలయం ఉండదు, మీట చిన్న గుండువలె ఉంటుంది. గొట్టం బరువైనది, లోపల మెలి తిరిగిన గాళ్ళు కలది. గురి చూడడానికి వెనుక భాగాన ఒకదానిపై ఒకటిగా రంధ్రాలున్న నిలువు బిళ్ళ ఉంటుంది. అల్బేనియా తుపాకి ఇందుకు పూర్తిగా భిన్నం. సన్నగా, పొడవుగా ఉండి, చెక్కంతా లోహపు రేకులతో కప్పబడి, మడమ చేప తోకవలె విచ్చుకొని ఉంటుంది. అడ్రియాటిక్ తీరంలోని కోటొర్ అఖాతం ప్రాంతపు 'జెఫెర్దార్' తుపాకులు ముత్యపుచిప్ప తునకలతో మెరుస్తవి. 1830లో ఫ్రెంచివారు ఆక్రమించేవరకు పేరుకు ఆటోమన్ ఏలుబడిలోనే ఉన్న అల్జీరియాలో పగడాలు పొదిగిన పొడవాటి తుపాకులు చేసేవారు. కాకసస్ పర్వతాల తుపాకులకు సన్నని, చదునైన మడమ ఉంటుంది. గుండు మీట వాటిలోనూ ఉండడంవల్ల వాటిని తురుష్క తుపాకులుగా పొరబడడం జరుగుతూ ఉంటుంది.

గొట్టానికి ఒక వయస్సు, చెక్కకు ఒక వయస్సు

ఈ తుపాకుల విషయంలో 'దీని వయస్సెంత?' అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండకపోవచ్చు. తుపాకిలో అన్నిటికన్నా విలువైనది గొట్టం. చెక్క విరిగితే కొత్త చెక్క, లాకు అరిగితే కొత్త లాకు వేసి, అదే గొట్టాన్ని మూడు తరాలు వాడుకొనేవారు. 1683లో వియన్నా ముట్టడి విఫలమై తురుష్క సేన వెనుదిరిగిన తరువాత ఐరోపావారికి దొరికిన కొల్లసొమ్ములో ఈ గొట్టాలు కూడ ఉన్నవి. జర్మన్ ప్రాంతాల తుపాకి పనివారు వాటిని విప్పి, తమ వేట తుపాకులకు బిగించుకొన్నారు. కనుక తురుష్క గొట్టం, జర్మన్ చెక్క ఉన్న తుపాకి దొంగసరుకు కానక్కరలేదు. దానికి రెండు జన్మలు, అంతే.

ఆ గొట్టాలకు అంత గిరాకీ రావడానికి కారణం వాటి నిర్మాణం. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలిబెట్టి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి, సుత్తితో అతికేవారు. పట్టీ అడ్డంగా చుట్టుకొని ఉంటుంది గనుక, పేలుడు ఒత్తిడి గొట్టాన్ని నిలువునా చీల్చడం కష్టం. నునుపు చేసి పైన ఆమ్లం పూస్తే ఇనుము ఒక రీతిగా, ఉక్కు మరొక రీతిగా తినబడి, పట్టుచీర అంచువంటి అల్లిక బయటపడుతుంది. దీనిని 'డమాస్కస్ గొట్టం' అంటారు. అయితే డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. అది మూసలో కరిగించిన ఉక్కు. దానిలోని చారలు అతుకులవల్ల కాక, లోహం గడ్డకట్టేటప్పుడు కర్బనం చోటు చేసుకొన్న తీరువల్ల వచ్చినవి. ఆ మూస ఉక్కుకు ప్రసిద్ధి కెక్కిన చోట్లలో తెలంగాణలోని కోనసముద్రం ఒకటి. పారసీక వర్తకులు అక్కడికి వచ్చి దగ్గరుండి ఉక్కు చేయించుకొని పోయేవారని 19వ శతాబ్ది తొలి దశకాలలో హెన్రీ వాయిజీ చూచి వ్రాసినాడు. పేరు ఒకటే కావడంతో గొట్టాల అల్లికను, కత్తుల చారను ఒకటిగా భావించే పొరపాటు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది.

గొట్టం మీద బంగారంతో పొదిగిన చిన్న ముద్ర ఉంటే అందులో చదవవలసిన మొదటి మాట 'అమల్' అనేది. అరబ్బీలో అమల్ అంటే పని, చేత. మనం 'అమలు జరపడం' అంటున్నది ఆ మాటనే. అమల్ తరువాత వచ్చే పేరు చేసినవానిది. 'సాహిబ్' అనే మాటతో కలిసి ఉన్న పేరు సొంతదారునిది. ఈ రెంటినీ తారుమారు చేసి, తుపాకిని కొనుక్కొన్న ఆసామిని గొప్ప కమ్మరిగా ప్రకటించిన సందర్భాలు లేకపోలేదు. ముద్రలో 'తుగ్రా' ఉంటే ఇంకా మంచిది. మూడు నిలువు గీతలు, ఎడమవైపున గుడ్డు ఆకారపు మెలికలు ఉన్న ఈ చిహ్నంలో సుల్తాను పేరు, తండ్రి పేరు, 'సదా విజయి' అనే బిరుదు కలిసి ఉంటవి. సుల్తాను మారితే తుగ్రా మారుతుంది గనుక కాలనిర్ణయానికి ఇది మంచి ఆధారం.

హిజ్రీ సంవత్సరం చెక్కి ఉంటే లెక్క కట్టాలి. హిజ్రీ సంవత్సరం చంద్రుని బట్టి నడిచేది. సుమారు 354 రోజులది. మన పంచాంగంలో అధిక మాసం వేసి చంద్రుని, సూర్యుని సరిపెడతారు. హిజ్రీలో అటువంటి సవరణ లేదు. పీర్ల పండుగ ఏటేటా సుమారు 11 రోజులు ముందుకు జరిగి, ఒకసారి వేసవిలో, మరొకసారి చలికాలంలో రావడానికి ఇదే కారణం. కనుక హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలపాలి. 1215 అని ఉంటే గుణిస్తే 1178, దానికి 622 కలిపితే క్రీ. శ. 1800. అది మూడవ సలీం సుల్తాను ఏలిన 1789–1807 నడిమి కాలం. పక్కనే అతని తుగ్రా కూడ ఉంటే రెండు సాక్ష్యాలు కలిసినట్లు. అంకెలు చదవడంలో ఒక మెలకువ అవసరం. అరబ్బీ లిపిలో సున్న ఒక చుక్క మాత్రమే. గుండ్రంగా సున్నవలె కనిపించేది ఐదు. ఆరు అంకె మనం వాడే 7 ను పోలి ఉంటుంది. ఇది తెలియక 1215 ను 1210 గా చదివినవారు ఐదేండ్లు పోగొట్టుకొంటారు.

రోమన్ అక్షరాలు కనిపిస్తే మరింత జాగ్రత్త కావాలి. ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో లాజారీనో కొమినాజో పేరుగల గొట్టాలకు 17వ శతాబ్దిలో గొప్ప పేరుండేది. ఆ పేరుకున్న గిరాకీ చూచి బాల్కను పనివారు 'లాజారీనో' అని తమ గొట్టాలపై ఎడాపెడా చెక్కివేసినారు. ఆ లిపి రానివారు చెక్కడంతో అక్షరాలు తలక్రిందులై, కొన్నిటిపై అర్థంలేని గీతలుగా మిగిలినవి. విచిత్రమేమంటే, ఈ తప్పుల తడకే పాతతనానికి ఒక గుర్తు. అసలైన పనివాని చేతి నకలుకు కూడ చరిత్ర ఉన్నది.

పూర్తిగా మోసపు సరుకు వేరు. 19వ శతాబ్ది చివరి నుండి యాత్రికులకు అమ్మడానికి చేసిన అలంకారపు తుపాకులు చాలా ఉన్నవి. గొట్టానికి చెవి రంధ్రమే లేకపోవడం, ఉక్కు పలక గుర్రానికి అందకపోవడం, అచ్చులో పోసిన అతుకు గీత కనిపించడం, మరలన్నీ యంత్రం తీసినట్లు ఒకే కొలతలో ఉండడం అటువంటి వాటి లక్షణాలు. అలంకారం ఎంత ఉన్నది అని కాక, ఇది పేలగలదా అని అడిగితే సగం చిక్కు విడిపోతుంది. ఆకారాన్ని మాత్రం నమ్మి కాలం చెప్పరాదు. రెండవ మహమూద్ 1826లో జానిసరీ దళాలను రద్దుచేసి కొత్త సైన్యాన్ని ఏర్పరచిన తరువాత కూడ కొండప్రాంతాల పనివారు తాతల నాటి నమూనాలనే చేస్తూ వచ్చినారు. 1700 నాటి తుపాకి, 1850 నాటి తుపాకి ఒకే అచ్చున ఉండవచ్చు.

ముందు ప్రాణం, తరువాత తుపాకి

ఏ పాత తుపాకినైనా, ఎన్నేండ్లుగా గోడకు వ్రేలాడుతున్నా, నిండి ఉన్నదనే భావించాలి. తుపాకిమందులో సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఈ మూడూ కాలంతోపాటు పాడయ్యేవి కావు. తేమ తగిలితే పదను తగ్గుతుంది. ఆరితే మళ్ళీ మండుతుంది. రాయి లేని తుపాకి కూడ చెవి రంధ్రం వద్ద చిన్న నిప్పురవ్వ పడితే పేలగలదు. పరీక్ష సులభమే. సన్నని కొయ్య పుల్లను గొట్టం కొసనుండి ఆగేవరకు మెల్లగా పోనిచ్చి, కొసవద్ద గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం ప్రక్కన ఆనించి చూడాలి. అది చెవి రంధ్రం వరకు వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాలు తక్కువైతే లోపల ఏదో ఉన్నది. అది కందిరీగల మట్టిగూడు కావచ్చు, మందూ గుండూ కావచ్చు. ఆ నిర్ణయం, తీసివేసే పని నిపుణులకు వదలాలి. ఇనుప కడ్డీ వాడడం, కొసలో నోరు పెట్టి ఊది చూడడం మహాప్రమాదం. విద్యార్థులు ఈ పరీక్షను చదివి తెలుసుకొంటే చాలు, చేయనక్కరలేదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చినది, కాని మరమ్మతు చేసినా పేలలేని వాటికే. అందువల్ల ఇంట్లో పాత తుపాకి బయటపడినవారు అధికారులకు చూపించడమే మేలు.

ఇక శుభ్రపరచడం. ఇన్ని యుద్ధాలు గడచి వచ్చిన తుపాకిని ఎక్కువగా చెడగొట్టుతున్నది శత్రువు కాదు, శుభ్రత మీది అత్యుత్సాహం. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్లు తుపాకిని తోమితే ఆ ఆమ్లం లోహపు పైపొరను తినివేస్తుంది. ఇటుక పొడి, ఉప్పుకాగితం మరింత ఘోరం. బిదిరీ పనిలో వెండి లోతైన గాళ్ళలో దిగి ఉంటుంది గనుక కొంత తోమినా నిలుస్తుంది. తురుష్క లాకుల మీది బంగారం చాలావరకు అటువంటిది కాదు. ఇనుము మీద సన్నని గీతలు గీసి, వాటిపై బంగారు తీగెను అదిమినది మాత్రమే. నాలుగు రుద్దులకు అది లేచిపోతుంది. దానితో తుగ్రా పోతుంది, అమల్ పోతుంది, సంవత్సరం పోతుంది. వెండి తొడుగుల మీద నల్లగా కనిపించేదంతా మురికి కాదు. వెండి, రాగి, సీసాల గంధకిదాలను కరిగించి నింపిన నలుపు చిత్రపని అందులో ఉండవచ్చు. అమ్మోనియా కలిసిన ఇత్తడి మెరుగుద్రవాలు కూడ పనికిరావు. బ్రిటిషు కాలంలో మన దేశపు వానకాలంలో గుర్రపుశాలల దగ్గర నిలువచేసిన ఇత్తడి తూటాలు వాటంతట అవే పగిలిపోయేవి. పశువుల మూత్రం నుండి వచ్చే అమ్మోనియాయే ఇందుకు కారణమని 1921లో తేలింది. సుత్తితో సాగగొట్టిన పాత ఇత్తడి రేకులో కూడ అటువంటి బిగువు దాగి ఉంటుంది.

త్రుప్పులో రెండు రకాలున్నవని గమనించాలి. నల్లగా, గోధుమరంగుగా, గట్టిగా అంటిపెట్టుకొన్న పొర ఇనుముకు కొంతవరకు రక్షణ. దానిని కదలించరాదు. నారింజరంగు పొడిగా రాలే త్రుప్పు మాత్రం పని ఇంకా సాగుతున్నదనడానికి గుర్తు. దానిని పలుచని యంత్రపు నూనె తడిపిన మెత్తని గుడ్డతో, అవసరమైతే కొయ్య పుల్ల మొనతో ఓపికగా తీయాలి. గొట్టం లోపలి త్రుప్పుకు మూలం తుపాకిమందే. మండిన మందులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. అందులోని పొటాసియం కార్బనేటు గాలిలోని తేమను పీల్చి ఇనుమును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. ఈ లవణాలు నూనెలో కరగవు, నీటిలో కరుగుతవి. అందుకే ఆ కాలపు సైనికులు వేడినీటితో గొట్టం కడిగి, ఆరబెట్టి, అటుపై నూనె పూసేవారు. కాని గొట్టం చెక్కలోనే ఉన్నప్పుడు ఇప్పుడు నీరు పోయడం తగదు. నీరు గొట్టం క్రిందికి దిగి, కంటికి కనిపించని చోట ఇనుమును, చెక్కను రెండింటినీ తింటుంది. గొట్టాన్ని విడదీయాలంటే పట్టీలను కదల్చాలి. అది అలవాటైన చేతులు చేయవలసిన పని. మరలు కూడ దేనికదే చేతితో తీసినవి కనుక ఒకదాని చోట మరొకటి పట్టదు.

చెక్క చాలావరకు అక్రోటుది. దానికి నూనె పట్టించే అలవాటు మంచిది కాదు. దుమ్ము అంటుకొని జిగురుపట్టి నల్లబడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, పలుచగా మైనం పూస్తే చాలు. దంతపు బిళ్ళలను తడపరాదు, అవి ఉబ్బి పగులుతవి. లాకును ఊరకే కొట్టించి శబ్దం వినడం, స్ప్రింగును బిగించి ఉంచడం మానుకోవాలి. రెండు వందల ఏండ్ల ఉక్కు ఏ క్షణాన్నైనా విరగవచ్చు. చేతి చెమటలోని ఉప్పు కొద్ది రోజులలోనే వ్రేలిముద్రను త్రుప్పుముద్రగా మార్చుతుంది. కనుక చేతితొడుగులు ధరించాలి.

నిలువచేసే చోట గాలి తేమ 50 శాతం ప్రాంతంలో నిలకడగా ఉండడం మేలు. ఇనుముకు ఇంకా పొడిగా ఉంటే మంచిదే కాని, అదే వస్తువులో ఉన్న చెక్క, దంతం ఎండి బీటలువారుతవి. ఈ రాజీ తప్పదు. మన కోస్తా ఊళ్ళలో వానకాలం వచ్చిందంటే ఈ నిలకడ సాధించడం కష్టం, అందువల్ల గాలి చొరని అద్దాల పెట్టెలో తేమ పీల్చే సిలికా గుళికలు ఉంచి, అప్పుడప్పుడు ఆరబెట్టి మార్చుతారు. తోలు సంచులలో పెట్టరాదు. తోలులోని ఆమ్లాలు, కొవ్వులు ఇత్తడి మీద ఆకుపచ్చని చిలుము పుట్టిస్తవి. కొత్త ప్లైవుడ్ పెట్టెల నుండి వచ్చే ఆమ్లపు ఆవిరి రాతి చుట్టూ చుట్టిన సీసపు రేకును తెల్లని పొడిగా మార్చివేస్తుంది.

ఏ పని మొదలుపెట్టడానికైనా ముందు తుపాకిని అన్ని వైపుల నుండి ఫోటో తీసి, గొట్టం పొడవు, లోపలి వ్యాసం, ముద్రలు ఎక్కడెక్కడ ఉన్నవి, ఏ భాగం వదులుగా ఉన్నది వ్రాసి పెట్టాలి. సంఖ్యను లోహం మీద చెక్కకూడదు, జిగురు కాగితం అంటించకూడదు. నూలుదారంతో చీటీ కట్టితే చాలు. పాత సొంతదారు కట్టిన మాసిన చీటీ ఏదైనా ఉంటే దానిని పారవేయక, కొత్త చీటీతోపాటు అదే తుపాకికి ఉండనివ్వాలి.